పొట్లం కాగితం

పిల్లలూ!

మొన్న సంతలో వేయించిన వేరుశనగకాయలు కొన్నాను. ఇంటికి వచ్చి పొట్లం విప్పి చూద్దును గదా, ఆ కాగితం ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు! పేరు, పుట్టిన తేదీ, చిరునామా, 12 అంకెలూ చక్కగా కనిపిస్తున్నాయి. పాపం, ఆయన ఏ పనికోసం ఎవరికి ఇచ్చాడో, అది చేతులు మారి చివరకు పొట్లమైంది. వెంటనే దాన్ని ముక్కముక్కలుగా చింపేశాను.

"నేను ఫలానా" అని రుజువు చూపటం అవసరమే. ఒకరి పింఛను మరొకరు తీసుకుపోరాదు గదా! ఆధార్ సంఖ్యలు మొదట 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో ఇచ్చారు. అయితే రుజువు చూపటమంటే ఉన్నదంతా చెప్పటం కాదు. హాజరు పిలిచినప్పుడు మీరు "ఉన్నానండీ" అంటారేగాని, ఇంటి సంగతులన్నీ చెబుతారా?

ఆధార్ తనిఖీలో ఇటువంటి పద్ధతి ఒకటి ఉన్నది. మీ అమ్మ యంత్రం మీద వేలు ఆనించగానే, ఆ ముద్ర ఇతరులకు అర్థంకాని రహస్యలిపిగా మారి ఆధార్ కేంద్రానికి పోతుంది. అక్కడి ముద్రతో సరిపోల్చి "అవును" లేక "కాదు" అని మాత్రమే జవాబు పంపుతారు.

కాగితమే ఇవ్వవలసివస్తే? మొదటి 8 అంకెలు కనబడకుండా, చివరి 4 అంకెలే చూపే కార్డు కూడా ఉన్నది. దాన్ని ఆధార్ సంస్థ వెబ్‌సైటులో తీసుకోవచ్చును. 2018లో 16 అంకెల మారుసంఖ్య కూడా వచ్చింది. దీన్ని వర్చువల్ ఐడీ అంటారు. దీన్నిబట్టి అసలు సంఖ్యను లెక్కకట్టటం సాధ్యం కాదు. కొత్తది తీసుకోగానే పాతది చెల్లదు.

ఇంత జాగ్రత్త దేనికంటారా? తాళంచెవి పోతే తాళం మార్చవచ్చును. వేలిముద్ర దొంగల పాలైతే వేలు మార్చలేము సుమా!

కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు ఏకకంఠంగా తీర్పు చెప్పారు: సొంత సంగతులను గోప్యంగా ఉంచుకోవటం మనిషి ప్రాథమిక హక్కు అని.

కనుక ఎవరైనా కార్డు నకలు అడిగితే, "దేనికండీ? చివరి 4 అంకెలు కనబడేది చాలునా?" అని మర్యాదగా అడగండి. చాలునంటే అదే ఇవ్వండి. ఇచ్చే కాగితం మీద తేదీ, ఏ పనికి ఇచ్చారో రాయండి. ఈ ఆదివారం మీ అమ్మానాన్నలకు ఈ సంగతి మీరే చెప్పాలి. చెబుతారు గదూ?