విద్యాబోధనయందు వీడియో ఆటలు

ఆట చదువునకు శత్రువని మన పెద్దలలో అనేకుల అభిప్రాయము. సెల్‌ఫోను చేతికి వచ్చినది మొదలు పిల్లవాడు పుస్తకము ముట్టుట లేదని నందిపేట్ ప్రాంతపు తలిదండ్రులు మొరపెట్టుకొనుచున్నారు. ఈ మొర సహేతుకమైనదే. అయినను ఆటలన్నిటిని ఒకే గాటను కట్టి త్రోసివేయుటకు ముందు, ఏ ఆట బుద్ధిని పెంచును, ఏది కాలమును హరించును అను సంగతిని విచారింపవలసియున్నది.

ఆటచే విద్య గఱపుట మనకు క్రొత్త గాదు. వామనగుంటలలో చింతగింజలను పంచుచు, చివరి గింజ ఏ గుంటలో పడునో ముందుగా ఊహించు బాలిక మనోగణితమునే అభ్యసించుచున్నది. 3 పులులు, 15 మేకలతో ఆడు పులిజూదములో తొందరపడినవాడు మేకను పోగొట్టుకొనును. కావున ఎదుటివాని ఎత్తును తలపోయుట అలవడును. వైకుంఠపాళి సంగతి వేరు. నిచ్చెనలచే పుణ్యమును, పాములచే పాపమును బోధింపవలెనని దాని ఉద్దేశము. కాని అందు ఎక్కుటయు దిగుటయు గవ్వలవలననే గాని, ఆడువాని ఎన్నికవలన జరుగదు. అందుచేత సద్గుణము అలవడునో లేదో గాని, గళ్ళు లెక్కించుట మాత్రము తప్పక అలవడును.

ఇట్టి పటపు ఆటలనే అమెరికాలో పరీక్షించి చూచిరి. రమణి, సీగ్లర్ అను పరిశోధకులు 2008లో ప్రకటించిన వ్యాసమునుబట్టి, పేద కుటుంబముల శిశువులలో కొందఱికి 1 నుండి 10 వఱకు అంకెలు వరుసగా వ్రాసిన పటమును, తక్కినవారికి రంగులు మాత్రమే గల పటమును ఇచ్చిరి. రెండు వారములలో నాలుగు మారులు, మారునకు 15 మొదలు 20 నిమిషములు మాత్రమే ఆడించిరి. అంకెల పటముతో ఆడినవారి సంఖ్యాజ్ఞానము వృద్ధిపొందెను. తొమ్మిది వారముల పిదప కూడ నిలిచియుండెను. రంగుల పటముతో ఆడినవారికి అట్టి లాభము కలుగలేదు. ఉభయత్ర ఆట యొక్కటే. ఆడు పనిలో పాఠము ఇమిడియున్నదా, లేదా యనునదే భేదము.

వీడియో ఆటకును ఇదే సూత్రము. లెక్క చేసినందుకు బహుమానముగా బొమ్మను గంతులు వేయించు ఆట, చేదుమందునకు బెల్లము పూసినట్టిది. పిల్లలు బెల్లమును నాకి మందును ఉమ్మివేయుదురు. మంచి ఆటలో లెక్క చేయుటయే ఆట. 1971లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున డాన్ రావిట్ష్ అను ఉపాధ్యాయ శిక్షణార్థి, చరిత్ర పాఠము కొఱకు ఇద్దఱు స్నేహితుల సాయమున 'ఆరిగన్ ట్రెయిల్' అను ఆటను కల్పించెను. బండ్లపై పడమటికి వలసపోవు కుటుంబము, ఉన్న కొద్ది ధనముతో ఎడ్లు, ఆహారము, బట్టలు ఎంతెంత కొనవలెనో విద్యార్థియే నిర్ణయింపవలెను. నిర్ణయము తప్పినచో త్రోవలో ఇక్కట్లు తప్పవు. అప్పటి యంత్రమునకు తెర కూడ లేదు. కాగితముపై అక్షరములు అచ్చగుచుండెడివి. అయినను పిల్లలు ఉత్సాహముతో ఆడిరి. మఱియు ఇట్టి ఆట తప్పు చేసినవానిని నలుగురిలో నవ్వులపాలు చేయక, మరల ప్రయత్నింపుమని పిలుచును. వెనుకబడిన బాలునకు ఇది గొప్ప యూరట.

మన దేశమందలి అనుభవమును కూడ చూతము. గుజరాతులోని వడోదర పురపాలక పాఠశాలలలో 2002 నుండి రెండేండ్లు, ప్రథమ్ సంస్థవారు నాలుగవ తరగతి పిల్లలచే వారమునకు రెండు గంటలు కంప్యూటరుపై గణితపు ఆటలు ఆడించిరి. ఒక్కొక్క యంత్రమునకు ఇద్దఱు పిల్లలు. వారి గణితజ్ఞానము స్పష్టముగా పెరిగెను. కాని కార్యక్రమము ముగిసిన ఏడాదికి ఆ లాభములో చాలభాగము కరగిపోయెను. గుజరాతులోనే జరిగిన మఱియొక పరీక్షలో, ఉపాధ్యాయుని పాఠమునకు మారుగా కంప్యూటరును పెట్టినచోట చదువు తగ్గెను. బడివేళ తరువాత అదనముగా ఆడించినచోట పెరిగెను. కాబట్టి ఆట ఉపాధ్యాయునికి తోడుగా నుండవలెను గాని, అతని స్థానమును ఆక్రమింపరాదు.

మన ప్రాంతమునకు తగిన ఆటకు వస్తువు మన చేలలోనే కలదు. జూను ప్రాంతమున నాటిన పసుపు జనవరి మొదలు మార్చి లోపల త్రవ్వకమునకు వచ్చును. దానిని ఉడికించి ఎండబెట్టినచో తూకము సుమారు అయిదవ వంతునకు దిగును. కూలి, బాడుగ, అప్పుపై వడ్డీ లెక్కించి, నేడే నిజామాబాదు మార్కెట్టునకు తోలుటయా, ధర కొఱకు నిలువచేయుటయా అని రైతు తేల్చుకొనవలెను. భిన్నములు, శాతములు, వడ్డీ లెక్కలు అన్నియు ఇందు ఇమిడియున్నవి. తండ్రి ఏటేట పడు చింతను బిడ్డ ఆటలో ఎఱుగును; చీటీపై వ్రాసిన తూకమును, ధరను తానే సరిచూచుకొనగల నేర్పు పొందును. పిల్లలు తామే ఆటలు కల్పించుకొనుటకు 2007లో వెలువడిన 'స్క్రాచ్' అను సాధనము ఉచితముగా దొరకును. కంప్యూటరు లేనిచో కాగితపు పటమును, గవ్వలును చాలును.

తలిదండ్రులారా, బిడ్డ చేతిలో ఫోను చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఈ ఆటలో గెలుపు తెలివివలన వచ్చునా, వ్రేలి వేగమువలన వచ్చునా, సొమ్ము చెల్లించుటవలన వచ్చునా? ఆట తనంతట ముగియునా, లేక విడువనీయక పట్టుకొనునా? ఆడిన పిదప నేర్చినదానిని బిడ్డ తన మాటలలో చెప్పగలడా? ప్రియ విద్యార్థులారా, ఈ ప్రశ్నలకు మీరే ముందుగా సమాధానము చెప్పుకొని, మంచి ఆట దొరకినచో దానిని మా యొద్దకు తెండు. మేమును మీతో కూర్చుండి ఆడెదము.