గీత పెడితే జవాబు: నోమోగ్రామ్

నోమోగ్రామ్ అంటే సూత్రంలోని లెక్కనంతా ముందే చేసి పెట్టుకున్న పటం. మామూలుగా ఇందులో మూడు కొలతగీతలుంటాయి. తెలిసిన రెండు విలువలనూ రెండు గీతల మీద గుర్తించి, వాటి మీదుగా స్కేలు ఆనిస్తే, అది మూడో గీతను ఖండించిన చోట కావలసిన విలువ దొరుకుతుంది. ఏ రెండు తెలిసినా మూడోది చెప్పడం దీని ప్రత్యేకత.

కిటుకు చిన్నదే. సమాన దూరంలో మూడు నిలువు గీతలుంటే, అడ్డంగా పెట్టిన స్కేలు మధ్య గీతను తాకే ఎత్తు, అటూ ఇటూ ఉన్న ఎత్తుల మొత్తంలో సగం. అందుకే మధ్య గీత మీద అంకెలను రెట్టింపు చేసి రాస్తారు. ఒక పక్క 3, మరో పక్క 5 కలిపితే స్కేలు మధ్యలో 4 ఎత్తున తాకుతుంది. అక్కడ రాసి ఉన్న అంకె 8. అంకెలను వాటి సంవర్గమానాలకు తగిన దూరాల్లో గుర్తిస్తే ఇదే కూడిక పటం గుణకారం చేస్తుంది. సూత్రం జటిలమైతే కొలతగీత వంకర తిరుగుతుంది, అంతే.

ఈ విద్య 19వ శతాబ్దపు ఫ్రాన్సులో, రైలుమార్గాల కోసం ఎక్కడ ఎంత మట్టి తవ్వాలి, ఎక్కడ ఎంత కట్ట పొయ్యాలి అనే విసుగు పుట్టించే లెక్కల మధ్య పెరిగింది. లియోన్ లలాన్ 1840లలో సంవర్గమాన కొలతలతో అప్పటి లెక్కపటాల్లోని వంకర గీతలను సరళరేఖలుగా మార్చాడు. అయినా పటం నిండా గీతల చిక్కుముడే. 1884లో ఇంజనీరు మోరిస్ దొకాన్ ఆ గీతలను బిందువులుగా మార్చి, మూడు బిందువులు ఒకే రేఖపై ఉంటే చాలన్నాడు. 1899లో దీనిపై పెద్ద గ్రంథమే వెలువరించాడు. అసలు నోమోగ్రామ్ అక్కడి నుంచే.

కాలిక్యులేటర్లు వచ్చాక ఇవి చాలా చోట్ల మూలపడ్డాయి. రెండు మూడు అంకెలకు మించి కచ్చితత్వం ఇవ్వలేవు. ఒక్కో సూత్రానికి ఒక్కో పటం కావాలి. వైద్యంలో మాత్రం నిలిచాయి. 1975లో వచ్చిన ఫాగన్ పటం రోగపరీక్ష ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి సాయపడుతుంది. జబ్బు ఉండే అవకాశం ముందు 10 శాతమై, పరీక్ష బలం (అంటే పాజిటివ్ ఫలితం జబ్బు లేనివారిలో కంటే ఉన్నవారిలో ఎన్ని రెట్లు ఎక్కువగా వస్తుందో ఆ అంకె) 10 అయితే, పాజిటివ్ వచ్చాక స్కేలు చూపేది సుమారు 53 శాతం. పాజిటివ్ అనగానే జబ్బు ఖాయమనుకునేవారు ఒకసారి చూడవలసిన పటమిది.

అదే ఏడాది వచ్చిన రుమాక్-మాథ్యూ పటం పారాసిటమాల్ మోతాదు మించినవారికి విరుగుడు అవసరమా అన్నది తేలుస్తుంది. నిక్కచ్చిగా చూస్తే ఇది నోమోగ్రామ్ కాదు, కాలానికీ రక్తంలోని మందు స్థాయికీ గీసిన గ్రాఫు. పేరు మాత్రం అలాగే స్థిరపడింది. మాత్రలు మింగిన నాలుగు గంటలలోపు తీసిన రక్తానికి గానీ, మింగిన సమయం తెలియని రోగికి గానీ అది పనికిరాదు.