దూరం నుంచి నడిపే ఇల్లు: అగాథా క్రిస్టీ ఈజిప్టు నవలపై రెండు తీర్పులు

1944 అక్టోబరు 14న ‘న్యూయార్కర్’ పత్రికలో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఒక వ్యాసం ప్రచురించాడు. జనం డిటెక్టివ్ కథలు ఎందుకు చదువుతారన్నది అందులో ఆయన వేసుకున్న ప్రశ్న. షెర్లాక్ హోమ్స్ రోజుల తరువాత తాను ఈ తరహా సాహిత్యం జోలికి పోలేదని, చుట్టూ ఉన్నవారందరూ ఇవే చదువుతున్నారు గనుక సంగతేమిటో చూద్దామని పూనుకున్నానని చెప్పి, చదివిన పుస్తకాలను ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాడు. వాటిలో అగాథా క్రిస్టీ నవల ఒకటుంది. అది ‘రోజర్ ఆక్రాయిడ్’ కాదు, ‘ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ కాదు. అమెరికాలో అప్పుడే వెలువడిన ‘డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్’. పొయిరో, మిస్ మార్పుల్ కథలన్నీ కంఠతా వచ్చిన అభిమానులు సైతం తరచుగా దాటవేసే పుస్తకం అది.

విల్సన్ ఒక విషయంలో నిజాయితీ చూపాడు. హంతకుడు ఎవరో తాను ఊహించలేకపోయానని, పుస్తకం చివరిదాకా చదివించిందని, తీరా తెలిసినప్పుడు ఆశ్చర్యపోయానని ఒప్పుకున్నాడు. అయినప్పటికీ ఆమె పుస్తకం మరొకటి చదవవలసిన పరిస్థితి రాకూడదనే కోరుకున్నాడు. ఆయన అభ్యంతరం ప్రధానంగా పాత్రల మీద. ఈ పద్ధతి కథలో ప్రతి పాత్రా ఒక పుటలో నమ్మదగినట్టు, మరుసటి పుటలో అనుమానించదగినట్టు కనిపించాలి. ఆ అవసరం కోసం రచయిత్రి ఏ పాత్రనూ తన బతుకు తాను బతకనివ్వదు. ఇదీ ఆయన వాదన.

పాఠకులు ఊరుకోలేదు. 1945 జనవరి 20న రాసిన రెండవ వ్యాసంలో విల్సనే ఆ లెక్క చెప్పాడు: తనకు 39 ఉత్తరాలు అందగా, తనతో ఏకీభవించినవి ఏడు. మిగిలినవారు కోపగించినవారే. అయితే ఆ కోపంలో ఒక విచిత్రముంది. నువ్వు చదవవలసిన పుస్తకాలు చదవలేదు, ఫలానా రచయితలను చదివి మాట్లాడు అని ఎక్కువమంది ఆయనకు హితవు చెప్పారు. ఆయన ఆ మాట మన్నించి డొరొతీ సేయర్స్, ఎన్గాయో మార్ష్, మార్జరీ ఆలింగ్‌హామ్ వంటివారిని చదివి, మునుపటికంటె ఎక్కువగా విసుక్కున్నాడు. ఆ రెండవ వ్యాసం శీర్షికలో నిలిచిపోయిన పేరు కూడా రోజర్ ఆక్రాయిడ్‌దే. డిటెక్టివ్ నవల సాహిత్యమా కాదా అన్న పెద్ద తగాదాలో, తగాదాకు కారణమైన పుస్తకాలలో ఒకటైన ఈ ఈజిప్టు నవల సంగతి అందరూ మరచిపోయారు.

మనకిది కొత్త తగాదా కాదు. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలో, మధుబాబు షాడో నవలో తెచ్చుకుని, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టి చదివిన తరాలు మన ఇళ్లలో ఉన్నాయి. ఇంట్లో పెద్దలు వేసిన ప్రశ్న విల్సన్ వేసినదే. కాకపోతే వారు దానికి వ్యాసరూపం ఇవ్వలేదు, వీపు మీద రాశారు.

ఇక నవల సంగతి. క్రీ.పూ. 2000 ప్రాంతం, థీబ్స్ నగరం, నైలు నది పశ్చిమ తీరం. ఇమ్‌హోతెప్ అనే ‘కా’ పూజారి, అంటే చనిపోయిన ఒక ప్రముఖుని సమాధికి నిత్యం నైవేద్యాలు జరిపించే బాధ్యత గలవాడు, పెద్ద కుటుంబానికి యజమాని. పనుల మీద ఉత్తర దేశానికి పోతూ వస్తూ ఉంటాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పెళ్లై వెళ్లిన ఎనిమిదేళ్లకు భర్త పోయి పుట్టింటికి తిరిగివచ్చిన కూతురు రెనిసెంబ్, చూపు మందగించినా నాలుక మందగించని ముసలి తల్లి ఈసా, అందరి మంచీ కోరుతున్నట్టు నటిస్తూ అందరి మీదా చాడీలు మోసే హెనెట్. ఈ ఇంటికి యజమాని నోఫ్రెట్ అనే పడుచు ఉంపుడుగత్తెను తీసుకువస్తాడు. ఆమెను ఇంట్లో విడిచి మళ్లీ ఉత్తరానికి వెళతాడు. ఆమె ఫిర్యాదులు ఆయనకు చేరతాయి. కొడుకులను, వారి సంసారాలను ఇంటినుంచి వెళ్లగొడతానంటూ ఆయన ఉత్తరం రాస్తాడు. ఆపైన నోఫ్రెట్ కొండదారి కింద శవమై కనిపిస్తుంది. తరువాత చావులు వరసకడతాయి. డిటెక్టివ్ లేడు, పోలీసు లేడు. అధ్యాయాల తలకట్టులో వరద, శీతకాలం, వేసవి అన్న ఈజిప్టు రుతువుల పేర్లు, తేదీలు మాత్రం ఉంటాయి. హంతకుడి పేరు ఇక్కడ చెప్పను. చదవబోయేవారి ఉసురు నాకెందుకు?

ఈ కుటుంబాన్ని క్రిస్టీ గాలిలోనుంచి సృష్టించలేదు. 1921-22 తవ్వకాల కాలంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ విన్‌లాక్ బృందానికి లక్సర్‌కు ఎదురుగా ఉన్న కొండసమాధులలో కొన్ని పపైరస్ పత్రాలు దొరికాయి. హెకనఖ్త్ అనే ‘కా’ సేవకుడు ఇంటికి దూరంగా ఉన్న కాలంలో రాసిన ఉత్తరాలు, లెక్కలు అవి. బాటిస్కోంబ్ గన్ చేసిన అనువాదం ఆధారంగా విన్‌లాక్ వాటిని లోకానికి పరిచయం చేశాడు. పూర్తి ప్రచురణ 1962లో టి.జి.హెచ్. జేమ్స్ చేతిమీదుగా జరిగింది. క్రిస్టీ నవల రాసిననాటికి అది లేదు. ఈ పత్రాల సంగతి చెప్పి, ప్రాచీన ఈజిప్టులో నవల రాయమని ఆమెను ఒప్పించినవాడు ఈజిప్టు శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ గ్లాన్‌విల్.

హెకనఖ్త్ ఉత్తరాలలో హత్య లేదు. ఉన్నదంతా ఇంటి పోరు. ఏ చేను కౌలుకు తీసుకోవాలో, ఎవరికి ఎంత ధాన్యం కొలవాలో ఆయన అక్కడినుంచే శాసిస్తాడు. ఈసారి కొలత తగ్గించానని, గొణగవద్దని, మిగతా దేశంలో ఆకలి ఎలా ఉందో చూసుకోమని హెచ్చరిస్తాడు. ఒక చిన్నవాడిని మాత్రం ఏమీ అనవద్దంటాడు. తన కొత్త ఇల్లాలిని అవమానించినందుకు సెనెన్ అనే పనిమనిషిని వెంటనే వెళ్లగొట్టమంటాడు. ఇల్లాలు అన్న మాటను నేను తెలిసే వాడాను. ఉత్తరంలోని ఈజిప్టు పదాన్ని తొలి అనువాదకులు ఉంపుడుగత్తెగా తీసుకున్నారు. 2002లో ఈ పత్రాలను మళ్లీ పరిష్కరించిన జేమ్స్ ఆలెన్ దానిని భార్యగానే చదివాడు. ఒక్క పదం అర్థం మారితే నోఫ్రెట్ కథ పునాదే కదులుతుంది. ఇంట్లోకి చొరబడిన పరాయిది కాస్తా, చట్టబద్ధంగా వచ్చి నిరాదరణకు గురైన సవతితల్లి అవుతుంది. ఈ కోణంనుంచి నవలను చర్చించినవారు అరుదు. నాకు మాత్రం హంతకుడెవరన్నదానికంటె ఇదే పెద్ద చిక్కుముడి.

నవల మీద మా దోహాలో జరిగిన చర్చ ఇక్కడ చెప్పుకోవాలి. కొద్దిమంది తెలుగు పాఠకులం నెలకొక శుక్రవారం కలుస్తుంటాం. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో దొరికిన ప్రతి ఒకటి చేతులు మారి, అట్ట ఊడి, మళ్లీ నా దగ్గరకు చేరేసరికి మేము రెండుగా చీలి ఉన్నాం. రాస్ లఫాన్‌లో పనిచేసే ఇంజనీరు మిత్రుడు కుండబద్దలు కొట్టాడు: “ఆరో చావు తరువాత ఆలోచించేదేముందన్నా, మిగిలినవాళ్లను లెక్కపెట్టుకుంటే సరి.” ఈ ఆరోపణ తీసిపారేయదగినది కాదు. క్రిస్టీ నవలల్లో ఇన్ని చావులున్నవి తక్కువ. అనుమానించదగినవారే ఒకరి వెనుక ఒకరు పోతుంటే అపరాధ పరిశోధన కాస్తా తీసివేతల లెక్కగా దిగజారుతుంది. విమర్శకుడు రాబర్ట్ బర్నార్డ్ కూడా ఈ నవలను పొయిరో క్రిస్మస్ కథకు ఈజిప్టు వేషం వేసినదిగానే చూశాడు. పైగా ముందుమాటలో రచయిత్రే ఈ కథకు స్థలకాలాలు ముఖ్యం కావని, మరెక్కడైనా ఎప్పుడైనా జరగవచ్చునని రాసి, విమర్శకుల చేతికి కర్ర అందించింది.

అవతలి పక్షాన నిలిచినది నిజామాబాదు జిల్లానుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా ఇక్కడే క్వాంటిటీ సర్వేయర్‌గా ఉన్న పెద్దాయన. ఆయన డిటెక్టివ్ నవలల పాఠకుడు కాడు. ఇమ్‌హోతెప్ ఉత్తరం దగ్గర ఆగిపోయానన్నాడు. “తమ్ముడూ, ఈ ఉత్తరం నేను రాసిన. ఏ మడిలో ఏం వెయ్యాలె, ఎవ్వరికి ఎంతియ్యాలె, ఎవ్వరితోని మాట్లాడొద్దు, అన్నీ ఈడికెళ్లే చెప్పిన. మొదట ఉత్తరాలల్ల, తర్వాత ఫోన్ల. ఒక్కసారి ఒక్క పక్క మాటిని ఇంకో తమ్మునికి పైసలు బంద్ చేసిన. ఆ తమ్ముడు నాతోని తొమ్మిదేండ్లు మాట్లాడలే.” ఆ తరువాత మాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇంజనీరు మిత్రుడు టీ కప్పులు సర్దాడు.

పెద్దాయన చదివిన తీరు విల్సన్‌కు తట్టలేదు. తట్టే అవకాశమూ లేదు. ఆయన పాత్రల కోసం వెతికాడు, ఇంటిని చూడలేదు. ఈ నవల మొదటి సగంలో అసలు పాత్ర ఆ ఇల్లే: దూరాన్నుంచి డబ్బూ ధాన్యమూ శాసించే యజమాని, ఆయన లేనప్పుడు చేతకానివారుగా మిగిలే పెద్ద కొడుకులు, చెవి కొరికేవారి మాటే చేరే ఉత్తరం. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే మా సోదరి ఒకామె హెనెట్‌ను ప్రతి ఇంట్లో చూశానని అంటుంది. రెండు మూడు వాక్యాలకే గుర్తుపట్టేయగల మనిషిని విల్సన్ అన్నట్టు బొమ్మ అనడం ఎట్లా? ఈసా తిండిపుష్టి, వెక్కిరింత, చావు దగ్గరపడుతున్న కొద్దీ ఆమెలో పుట్టే భయం కూడా కేవలం అనుమానాల కోసం అతికించినవి కావు.

క్రిస్టీ ఇంటి వివరాల కోసం గ్లాన్‌విల్‌ను ఎంత వేధించిందో ఆమె ఆత్మకథలో ఉంది. వాళ్లు ఏం తినేవారు, మాంసం ఎలా వండేవారు, ఆడవారూ మగవారూ కలిసి భోంచేసేవారా, ఏ గదుల్లో పడుకునేవారు వంటి ప్రశ్నలు ఆమెవి. రాజుల గురించి పుస్తకాలు పుష్కలం, వంటింటి గురించి మాత్రం వెతుక్కోవాలి. అప్పుడు ఆమె యుద్ధకాలపు లండన్‌లో ఒంటరిగా ఉంది. భర్త మాక్స్ మాలొవన్ ఉత్తరాఫ్రికాలో సైనిక విధుల్లో ఉన్నాడు. ఆ ఇంటిలోనూ సంసారం ఉత్తరాల మీదే నడిచింది. దానికీ నవలకూ ముడిపెట్టడం నా ఊహ మాత్రమే. అయినా ఆ ఊహను వదులుకోబుద్ధి కావడం లేదు.

రెండవ సగం దగ్గర నేను విల్సన్ వైపు జరుగుతాను. చావులు పెరిగేకొద్దీ ధాన్యం, కొలతలు, వాటాలు కనుమరుగవుతాయి. ఇల్లు ఖాళీ అవుతుంది గాని ఆ ఖాళీ బరువు తెలియదు. ముగింపు మీద రచయిత్రికే తృప్తి లేదు. ఒక విషయంలో గ్లాన్‌విల్ అభిప్రాయానికి లొంగి ముగింపు మార్చానని, అందుకు తన మీద తనకే కోపం వచ్చిందని, ఆ పుస్తకం మళ్లీ చదివినప్పుడల్లా చివరిభాగం తిరగరాయాలనిపిస్తుందని 1977లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకుంది. మొదట అనుకున్న ముగింపు ఏమిటో మాత్రం అందులో చెప్పలేదు. పుస్తకాన్ని అంకితమిచ్చింది ఆ గ్లాన్‌విల్‌కే.

ఆ శుక్రవారం మా చర్చ తేలలేదు. సెలవుమీద ఊరికి పోతున్న పెద్దాయన ఆ ప్రతిని వెంట తీసుకుపోయాడు. విమానంలో చదవడానికి కాదట, తమ్ముడికి ఇవ్వడానికట. తమ్ముడికి ఇంగ్లీషు చదవడం రాదని మాకందరికీ తెలుసు. వచ్చే నెలకు క్రిస్టీ సిరియా తవ్వకాల జ్ఞాపకాలు ‘కమ్, టెల్ మీ హౌ యూ లివ్’ చదువుదామని నేను ప్రతిపాదించాను. ఇంజనీరు మిత్రుడు ఒప్పుకోలేదు. ఆయనకు ‘రోజర్ ఆక్రాయిడ్’ కావాలట.