సెకండ్ హ్యాండ్ యానిమే ఫిగర్ కొంటున్నారా? ముందు చీలమండలు చూడండి

పాత ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ హెల్త్ చూస్తాం కదా, ఫిగర్‌కి చీలమండలు చూడాలి. ఎక్కువ ఫిగర్లు పీవీసీతో చేస్తారు, అది వేడికి మెత్తబడుతుంది. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఖాజాగూడలో పడమటి అద్దం పక్కన రెండు వేసవులు నిలబడిన లూఫీ ముందుకు వాలిపోయాడంటే వింతేం లేదు! అందుకే నేను సెల్లర్‌ని సైడ్ నుంచి తీసిన ఫొటో అడుగుతాను. కొద్దిగా వాలితే పర్లేదు, వేడి నీళ్లలో ముంచి సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలబడుతుంది.

జిగటగా తగిలితే ప్లాస్టిసైజర్ బయటికొస్తోందని అర్థం. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు.

అసలు భయం డూప్లికేట్లతోనే. బాన్‌ప్రెస్టో ఫిగర్లు జపాన్‌లో క్రేన్ గేముల ప్రైజులుగా వచ్చేవి, అక్కడ చవక. వాటికి నకిలీలు బోలెడు. వన్ పీస్, డ్రాగన్ బాల్ అయితే బాక్స్ మీద టోయి యానిమేషన్ హోలోగ్రామ్ స్టిక్కర్ ఉండాలి. స్టిక్కర్‌నీ కాపీ కొడతారు కాబట్టి నేను కళ్ల ప్రింటింగ్‌నే ఎక్కువ నమ్ముతాను.

జపాన్ నుంచి తెప్పిస్తే? అమీఅమీ ప్రీ-ఓన్డ్‌లో ఫిగర్‌కి, బాక్స్‌కి వేరువేరు గ్రేడ్ ఇస్తారు, అది హాయి. కానీ బొమ్మల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. మీ పార్శిల్‌ని బొమ్మల కింద లెక్కేస్తే చవక బేరం కాస్తా ఎగిరిపోతుంది.

లోకల్‌గా కొంటే బేస్‌లో పెగ్గులు బిగించి చూడండి. పెగ్ విరిగి కాలి లోపలే ఉండిపోతే, మొహమాటం లేకుండా రేటు తగ్గించమనండి.