జొన్న వేరుకు తోడుండే జీవి

నల్లమల అంచున లింగాల చెలకల్లో నేల వాన పడ్డప్పుడు గబగబా తాగుతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే అంతే తొందరగా ఆరిపోతుంది. అలాంటి చోట జొన్న నిలబడేదీ వాడేదీ వేరు ఎంత గుబురుగా సాగిందన్న దాన్నిబట్టే. అజోస్పైరిల్లం అనే బాక్టీరియా అక్కరకొచ్చేది ఇక్కడే.

దీన్ని 1925లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ వేరే పేరుతో వర్ణించారు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1970లలో బ్రెజిల్‌లో యోహన్నా డోబెరైనర్ గడ్డిజాతి పైర్ల వేళ్ల దగ్గర దీని పనిని బయటపెట్టాక మళ్లీ వెలుగులోకి వచ్చింది.

ఇది గాలిలోని నత్రజనిని పట్టే మాట నిజమే. అందుకే యూరియాకు బదులంటూ అమ్మేస్తుంటారు. అది సగం నిజం. వేరుశనగ వేళ్ల బుడిపెల్లో రైజోబియం అనే మరో బాక్టీరియా కాపురముండి, పట్టిన నత్రజనిని మొక్కకే అప్పజెబుతుంది. జొన్నకు ఆ బుడిపెలు లేవు. అజోస్పైరిల్లం వేరు మీదా, పై పొరల్లోనూ ఉండి, పట్టిన దాంట్లో ఎక్కువ తన ఒంటికే వాడుకుంటుంది. దాని అసలు మేలు అది విడుదల చేసే ఆక్సిన్ అనే హార్మోను. అది తగిలితే పక్కవేళ్లు, నూగువేళ్లు పెరుగుతాయి. అవి పెరిగితే అదే నేలలో మొక్కకు నీరూ ఎరువూ ఎక్కువ అందుతాయి.

లాభం ఎంత? ఇరవై ఏళ్ల పొలం ప్రయోగాలను 1994లో ఒకోన్, లబాందెరా–గొన్జాలెజ్ సమీక్షించారు. నూటికి 60–70 చోట్ల దిగుబడి 5 నుంచి 30 శాతం పెరిగింది. మిగతా చోట్ల చెప్పుకోదగ్గ ఫలితం లేదు. నా లెక్కలో ఇది మంచి బేరమే, పెట్టుబడి చిన్నది కాబట్టి.

అయితే ఇది మందు కాదు, ప్రాణమున్న సరుకు. ప్రమాణం ప్రకారం గ్రాము పొడిలో కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలి. ఎండ తగిలే అరలో ప్యాకెట్ పెడితే అవి చచ్చి, మిగిలేది ఉత్త పొడే. గడువు తేదీ చూసి కొనాలి. చల్లార్చిన బెల్లం నీళ్లతో పొడిని విత్తనానికి పట్టించి, నీడలో గోనెపట్టా మీద ఆరబెట్టి, వెంటనే విత్తేయాలి. మొక్కజొన్నకూ ఇది వాడొచ్చు గానీ, దాని హైబ్రిడ్ విత్తనం ముందే తెగుళ్ల మందు పూసుకుని ఎర్రగా వస్తుంది. దానికి పట్టించే కన్నా ఎకరానికి 2 కిలోల పొడిని మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఉన్న సాలులో వేయడం మేలు. యూరియాతో కలిపి మాత్రం వేయొద్దు. వేరుశనగకు తెచ్చిన రైజోబియం మిగిలిందని జొన్నకు పట్టించినా కలిసొచ్చేదేమీ ఉండదు.