సామూహిక లైసెన్సుల రాయితీ: కొనుగోలు సమయం ప్రభావం

1. ఉపోద్ఘాతం

ఒక సంస్థ సాఫ్ట్‌వేర్ ప్రతులను విడివిడిగా కొనకుండా, ఒకే ఒప్పందం కింద తన సిబ్బంది అందరికీ వినియోగ హక్కులు పొందే పద్ధతిని వాల్యూమ్ లైసెన్సింగ్ అంటారు. సంఖ్య పెరిగేకొద్దీ ధర తగ్గడం దీని మూలసూత్రం. అయితే ఆ సంఖ్యను ఎప్పుడు లెక్కిస్తారన్నదీ అంతే ముఖ్యం. మైక్రోసాఫ్ట్ ఎంటర్‌ప్రైజ్ ఒప్పందం ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తొలి లెక్క ప్రాధాన్యం

ఈ ఒప్పందం కాలపరిమితి సాధారణంగా మూడేళ్లు. వాణిజ్య సంస్థలకు వినియోగదారుల లేదా పరికరాల సంఖ్యను బట్టి నాలుగు ధరల శ్రేణులు ఏర్పడ్డాయి. 500 నుంచి 2,399 వరకు ‘ఎ’, 2,400 నుంచి 5,999 వరకు ‘బి’, 6,000 నుంచి 14,999 వరకు ‘సి’, 15,000, ఆపైన ‘డి’. ఒక సంస్థ 2,300 మందితో ఒప్పందం చేసుకుందనుకుందాం. అది ‘ఎ’ శ్రేణిలోకి వస్తుంది. త్వరలో చేరనున్న మరో 150 మందిని కూడా తొలి లెక్కలోనే చేర్చి ఉంటే ‘బి’ శ్రేణి దక్కేది. మధ్యలో చేరినవారి లెక్కను ఏటా ‘ట్రూ అప్’ పేరుతో సమర్పించవచ్చు. కాని అది శ్రేణిని దానంతటదే మార్చదు.

3. రెండు ఆర్థిక సంవత్సరాలు

మన దేశంలో ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. విక్రేతకు లక్ష్యాల ఒత్తిడి ఉండే త్రైమాసికాంతంలో, ముఖ్యంగా సంవత్సరాంతంలో, అదనపు రాయితీకి అవకాశం ఎక్కువ. అయితే మార్చి దాటితే నిధులు మురిగిపోయే కొనుగోలుదారుకు గడువే బలహీనత అవుతుంది. కాబట్టి బేరసారాలు కొన్ని నెలల ముందే మొదలుకావాలి.

4. మారిన నియమం

2025 నవంబర్ 1 నుంచి ఆన్‌లైన్ సేవలకు బి, సి, డి శ్రేణుల రాయితీని మైక్రోసాఫ్ట్ తొలగించింది. సొంత సర్వర్లలో వాడే సాఫ్ట్‌వేర్‌కు, విద్యాసంస్థల ధరల పట్టికకు ఈ మార్పు వర్తించదు. ఫలితంగా 6,000 మంది సిబ్బంది ఉన్న రెండు వాణిజ్య సంస్థలలో, ఆ తేదీకి ముందే ఒప్పందాన్ని పునరుద్ధరించుకున్న సంస్థ అప్పటికే తీసుకున్న సేవలకు కాలపరిమితి ముగిసేవరకు పాత ధరే చెల్లిస్తుంది. తరువాత పునరుద్ధరించుకున్న సంస్థకు ‘ఎ’ శ్రేణి ధరే ప్రాతిపదిక. సంఖ్య ఒక్కటే అయినా తేదీ ధరను మార్చింది.

5. ముగింపు

రాయితీ కోసం అవసరానికి మించి కొనడం పొదుపు కాదు. శాఖలన్నిటి అవసరాలను ముందే ఒకచోట లెక్కించి, పునరుద్ధరణ తేదీని గమనిస్తూ, నిధుల గడువుకు ముందే చర్చలు ప్రారంభించే సంస్థకే సంఖ్యాబలం నిజంగా ఉపకరిస్తుంది.