వెదురును నమ్ముకున్న వస్తాదు కొడుకు

కటక్ రేడియో కొలువు నుంచి భువనేశ్వర్ గురుకులం దాకా..

బరంపురం: 'సిరివెన్నెల' సినిమా గుర్తుందా? 1986లో కె.విశ్వనాథ్ తీసిన ఆ చిత్రంలో చూపులేని వేణుగాన విద్వాంసుడి పేరు హరిప్రసాద్. తెరపై కనిపించింది సర్వదమన్ బెనర్జీ. తెర వెనక మురళి ఊదింది మాత్రం అసలు హరిప్రసాదే.. పండిట్ హరిప్రసాద్ చౌరాసియా. ఆయన్ను మనవాళ్లు బొంబాయి విద్వాంసుడిగానే ఎరుగుదురు. నిజానికి ఆ మురళికి మొదట అన్నం పెట్టింది మన ఒడిశా గడ్డే.

నాన్నకు తెలియకుండా..

1938 జులై 1న అలహాబాద్‌లో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి వస్తాదు. కొడుకునూ గోదాలోకి దింపాలని ఆయన పట్టుదల. కుర్రాడి మనసేమో పాట మీద. నాన్న కంటపడకుండా పండిట్ రాజారాం వద్ద గాత్రం నేర్చాడు. తర్వాత కాశీ విద్వాంసుడు భోలానాథ్ ప్రసన్న మురళి విని అటు మళ్లాడు. పొట్టకూటికి స్టెనోగ్రాఫర్ పని చేస్తూనే సాధన సాగించాడు. కుస్తీ కసరత్తూ వృథా పోలేదు. ఊపిరి నిలపడానికి ఆ బలమే అక్కరకొచ్చింది.

కటక్ పిలిచింది

1957లో ఆకాశవాణి కటక్ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. 'పిల్లనగ్రోవి కూడు పెడుతుందా?' అనే ప్రశ్నకు అదే జవాబైంది. ఇక్కడే వయొలిన్ విద్వాంసుడు భువనేశ్వర్ మిశ్రాతో జత కుదిరింది. ఇద్దరూ కలిసి 'భువన్-హరి' పేరుతో ఒడియా సినిమాలకు బాణీలు కట్టారు.

మళ్లీ మొదటికి..

బొంబాయి వెళ్లాక రికార్డింగులు, చేతినిండా డబ్బు. అయినా ఏదో వెలితి. అల్లావుద్దీన్ ఖాన్ కుమార్తె అన్నపూర్ణాదేవి గడప తొక్కారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నేర్చిందంతా వదిలేసి మొదటి నుంచి మొదలెడితేనే చెబుతానన్నారు. తన మాట నిజమని చూపడానికి చౌరాసియా కుడివైపు పట్టే మురళిని ఎడమవైపు తిప్పేశారు. ఏళ్ల తరబడి వేళ్లకు పడిన అలవాటు వదిలి, పేరొచ్చాక మళ్లీ సరిగమలు దిద్దడమంటే మాటలా! ఆ తర్వాత కచేరీలన్నీ ఎడమవైపు పట్టే చేశారు. 1992లో పద్మభూషణ్, 2000లో పద్మవిభూషణ్ వెతుక్కుంటూ వచ్చాయి.

ఆరు రంధ్రాల చదువు

మన కర్ణాటక వేణువు పొట్టిది. వేళ్లకు సాధారణంగా ఎనిమిది రంధ్రాలు. హిందుస్థానీ బాంసురీ పొడవైనది, దానికి ఆరే. ఆ పొడుగు మురళిని కచేరీ వేదికకెక్కించిన ఘనత పన్నాలాల్ ఘోష్‌ది (1911-1960). దాన్ని దేశదేశాలకూ చేర్చింది చౌరాసియా.

అన్నం పెట్టిన నేలను ఆయన మరవలేదు. ముంబయిలో బృందావన్ గురుకులం పెట్టాక, 2010లో భువనేశ్వర్‌లోనూ మరొకటి తెరిచారు. శిష్యులు గురువు దగ్గరే ఉండి నేర్చుకునే పాత పద్ధతి అది. బరంపురంలో రైలెక్కితే భువనేశ్వర్ సుమారు మూడు గంటల దూరం. ఇంట్లో పిల్లాడు పిల్లనగ్రోవి పట్టుకుంటే 'చదువు పాడవుతుంది' అని లాక్కునే ముందు అమ్మానాన్నలు ఒక్కసారి ఈ వస్తాదు కొడుకును తలచుకోవాలి.